ఆరేళ్ల ల్యాప్‌టాప్ ఆన్ అవ్వడానికి నాలుగు నిమిషాలు: ఏ ఎస్ఎస్‌డీ వేయాలి, ఎలా వేయాలి

మీరు అడిగింది ఇదీ: ఆరేళ్ల ల్యాప్‌టాప్, ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. బటన్ నొక్కాక డెస్క్‌టాప్ కనబడటానికి రెండు నిమిషాలు, అక్కడి నుంచి బ్రౌజర్ తెరుచుకోవడానికి ఇంకో రెండు. ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీద డేటా దాచే డ్రైవ్) వేద్దామనుకుంటున్నారు. సెకనుకు 550 ఎంబీ అని రాసి ఉన్న సాటా డ్రైవ్ (పాత రకం కనెక్షన్) కొనాలా, 7000 అని రాసి ఉన్న ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవ్ (కొత్త రకం కనెక్షన్) కొనాలా? పాత విండోస్‌ని ఉన్నదున్నట్టు కాపీ చేయాలా, కొత్తగా వేసుకోవాలా?

ముందు జవాబు చెప్పేస్తాను. ఎస్ఎస్‌డీ తప్పకుండా వేయండి. ఇలాంటి ల్యాప్‌టాప్‌లు ఎస్ఎస్‌డీ వేశాక అర నిమిషం లోపే పనికి సిద్ధమవడం నేను ఎన్నోసార్లు చూశాను. కానీ 550కీ 7000కీ మధ్య తేడా చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి. బూట్ అయ్యే (ఆన్ అయి పనికి సిద్ధమయ్యే) టైమ్‌లో ఆ తేడా మీకు మహా అయితే ఒకటి రెండు సెకన్లు. ఎందుకో తెలిస్తే ఇక ఏ ప్రకటన చూసినా మీరు తికమక పడరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఈసారి ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ మీద క్లిక్ చేయండి. యాక్టివ్ టైమ్ 100 శాతం అని చూపిస్తుంది. కిందే రీడ్ స్పీడ్ చూడండి. సెకనుకు 1 ఎంబీ, 2 ఎంబీ, ఒక్కోసారి అంతకంటే తక్కువ. అదే డిస్క్ ఒక పెద్ద సినిమా ఫైల్‌ని కాపీ చేసేటప్పుడు 100 ఎంబీ దాకా సునాయాసంగా ఇస్తుంది. డిస్క్ ఊపిరాడనంత పని చేస్తోంది, కానీ బయటికి వచ్చేది దాదాపు ఏమీ లేదు. మీ నాలుగు నిమిషాల రహస్యమంతా ఈ రెండు అంకెల మధ్యే ఉంది.

సినిమా ఫైల్ డిస్క్ మీద చాలావరకు వరుసగా ఉంటుంది. అది మూట ఎత్తడం లాంటిది. విండోస్ బూట్ అవ్వడం అలా కాదు, నేలంతా చెల్లాచెదురైన పూసలు ఒక్కొక్కటీ ఏరడం లాంటిది. డ్రైవర్లు (పరికరాలని నడిపే చిన్న ప్రోగ్రామ్‌లు), డీఎల్ఎల్‌లు (ప్రోగ్రామ్‌లు పంచుకునే ఫైళ్లు), రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగుల పుస్తకం) ముక్కలు, ఫాంట్లు, సర్వీసుల సెట్టింగులు, అన్నీ చిన్నచిన్న ముక్కలే, అన్నీ వేర్వేరు చోట్ల.

ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ చాలావరకు 5400 ఆర్‌పీఎమ్ రకం. నిమిషానికి 5400 చుట్లంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క హెడ్ (డిస్క్‌ని చదివే సూది లాంటి భాగం) కిందికి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి, అంటే ఐదున్నర మిల్లీసెకన్లు. దానికి ముందు హెడ్ సరైన ట్రాక్ మీదికి జరగాలి, దానికి సుమారు 12. మొత్తం 17 అనుకోండి. మీకు లోపలి నుంచి వినబడే ఆ టిక్కుటిక్కు చప్పుడు ఈ హెడ్ అటూఇటూ పరుగెత్తడమే.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. బూట్‌లో ఇలాంటి చిన్న రీడ్‌లు 10,000 ఉన్నాయనుకోండి. ఒక్కోదానికి 17 మిల్లీసెకన్ల చొప్పున 170 సెకన్లు. దాదాపు మూడు నిమిషాలు! ఒక్కో ముక్క 4 కేబీ అయితే సెకనుకు పావు ఎంబీ కూడా రాదు. విండోస్ ఈ రీడ్‌లని ముందే ఊహించి, వరుసలో పెట్టి కొంత ఆదా చేస్తుంది కాబట్టి అసలు పరిస్థితి ఈ లెక్కంత ఘోరంగా ఉండదు, కానీ జరిగేది మాత్రం ఇదే.

ఎస్ఎస్‌డీలో తిరిగేది లేదు, జరిగేది లేదు. ముక్క ఎక్కడున్నా ఒకటే. మామూలు సాటా ఎస్ఎస్‌డీలో ఒక చిన్న రీడ్‌కి సుమారు 0.1 మిల్లీసెకను పడుతుంది. పదివేల రీడ్‌లకి ఒక్క సెకను. మంచి ఎన్‌వీఎమ్‌ఈలో ఒక్కోదానికి 0.06 అనుకుందాం, మొత్తం 0.6 సెకను. 170 నుంచి 1కి దిగడమే అసలు విప్లవం. 1 నుంచి 0.6కి దిగితే మీ కంటికి ఆనదు.

మరి 7000 అనే అంకె అబద్ధమా? కాదు. అది పెద్ద ఫైల్‌ని వరుసగా, ఒకేసారి బోలెడు రీడ్‌లు అడుగుతూ కొలిచిన వేగం. సాటా డ్రైవ్‌లు వాడే ఏహెచ్‌సీఐ పద్ధతిలో ఒకే క్యూ (పనుల వరుస), అందులో 32 కమాండ్లు. ఎన్‌వీఎమ్‌ఈ 2011లో వచ్చింది, అందులో 65 వేల దాకా క్యూలు పెట్టుకోవచ్చు. వేల మందికి ఒకేసారి జవాబు చెప్పే సర్వర్‌కి అది వరం. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకీ తేడా బాగా తెలుస్తుంది. బూట్ అయ్యేటప్పుడు మాత్రం ఒక ముక్క చదివాక గానీ తర్వాత ఏం కావాలో తెలియని పని ఎక్కువ. పది కౌంటర్లు తెరిచినా లైన్‌లో మనిషి ఒక్కడే ఉంటే ఏం లాభం?

ఇంకో సంగతి. ఎస్ఎస్‌డీ వేశాక బూట్ టైమ్‌లో డిస్క్ వాటా ఎలాగూ తగ్గిపోతుంది. మిగిలేది ప్రాసెసర్ చేసే పని, ఒక్కో డ్రైవర్ తన పరికరం నుంచి జవాబు కోసం ఆగే సమయం, ఇంకా బయోస్ (విండోస్ కంటే ముందు మదర్‌బోర్డ్ నడిపే ప్రోగ్రామ్) సమయం. వీటిని ఏ డ్రైవూ తగ్గించలేదు.

ఈ బయోస్ సమయం చాలామంది పట్టించుకోరు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ పేజీకి వెళ్తే పైన మూలన లాస్ట్ బయోస్ టైమ్ అని కనబడుతుంది. అంటే విండోస్‌కి పగ్గాలు అప్పగించే ముందు మదర్‌బోర్డ్ తీసుకున్న సమయం. పది సెకన్ల లోపుంటే సరే. 25, 30 ఉంటే ఆ భాగాన్ని ఎస్ఎస్‌డీ పెద్దగా మార్చలేదు. అప్పుడు చూడాల్సింది వేరు: యూఎస్‌బీకి ఎప్పుడూ తగిలించి ఉండే బయటి డిస్కులు తీసి చూడండి, బయోస్‌లో నెట్‌వర్క్ బూట్ ఆన్‌లో ఉంటే ఆపండి, ఫాస్ట్ బూట్ అనే ఆప్షన్ ఉంటే పెట్టండి. లినక్స్ వాడేవాళ్లకైతే సిస్టమ్‌డీ-ఎనలైజ్ అనే కమాండ్ బయోస్‌కి ఎంత, కెర్నల్‌కి (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగానికి) ఎంత, మిగతా సర్వీసులకి ఎంత అని విడగొట్టి చూపిస్తుంది. దాని వెనక బ్లేమ్ అని చేరిస్తే ఏ సర్వీస్ ఎంత సమయం తింటోందో పేర్లతో సహా చెబుతుంది.

ఇప్పుడు కొనే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దీన్ని రేపటికి వాయిదా వేయకండి. మీ డిస్క్ నెమ్మదిగా ఉంది సరే, అది ఆరోగ్యంగానే ఉందా? ఆరేళ్ల డిస్క్ ఉన్నట్టుండి ఇంకా నెమ్మదించిందంటే అది చివరి రోజుల్లో ఉందేమోనని అనుమానించాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్ వేసి స్మార్ట్ వివరాలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే లెక్కలు) చూడండి. రీఅలొకేటెడ్ సెక్టర్స్, కరెంట్ పెండింగ్ సెక్టర్స్ అనే రెండు వరుసలు ముఖ్యం. రెండూ సున్నా అయితే ఊపిరి పీల్చుకోవచ్చు. పెండింగ్ సున్నా కాకపోతే, ఆ డిస్క్ కొన్ని చోట్ల మళ్లీమళ్లీ చదవడానికి ప్రయత్నించి విఫలమవుతోందన్నమాట.

మా బంధువులమ్మాయి ల్యాప్‌టాప్ ఇలాగే రెండు నెలలు నత్తనడక నడిచింది. వైరస్ అనుకుని అందరూ తలో యాంటీవైరస్ వేశారు. నా దగ్గరికి వచ్చాక నేనూ నేరుగా క్లోనింగ్ (డిస్క్ మొత్తాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేయడం) మొదలుపెట్టేశాను. సగం దాటాక ఆగిపోయింది, ఆ తర్వాత డిస్క్ కనబడటమే మానేసింది. చదువుకి సంబంధించిన ఫైళ్లు మెయిల్‌లో దొరికాయి గానీ ఫొటోలు పోయాయి. ముందుగా ఆ ఫొటోల ఫోల్డర్‌ని మామూలుగా కాపీ చేసి ఉంటే పది నిమిషాల పని. ఆ రోజు నుంచీ ఎవరి మెషిన్ ముట్టుకున్నా మొదట ఫైళ్లు వేరే చోటికి కాపీ, ఆ తర్వాతే మిగతా పని. మీరూ అలాగే చేయండి, దయచేసి.

ఇక ఏది కొనాలి? అది మీ ల్యాప్‌టాప్‌లో ఏ స్లాట్ ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది, అంకెల్ని బట్టి కాదు. మీ మోడల్ నంబర్‌తో కంపెనీ సర్వీస్ మాన్యువల్ వెతకండి. ఎమ్.2 స్లాట్ ఉంటే అది ఏ రకమో అందులో స్పష్టంగా రాసి ఉంటుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు: ఎమ్.2 అనేది ఆకారం పేరు మాత్రమే. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు ఉండే ఆ చిన్న పలక లోపల సాటా కావచ్చు, ఎన్‌వీఎమ్‌ఈ కావచ్చు. సాటా మాత్రమే తీసుకునే స్లాట్‌లో ఎన్‌వీఎమ్‌ఈ పెడితే చక్కగా కూర్చున్నా పని చేయకపోవచ్చు. ఆరేళ్ల ల్యాప్‌టాప్ అన్నారు కాబట్టి మీ స్లాట్ ఎన్‌వీఎమ్‌ఈ తీసుకునే అవకాశమే ఎక్కువ. తీసుకుంటే మామూలు జెన్ 3 (మూడో తరం) ఎన్‌వీఎమ్‌ఈ డ్రైవ్ ఒకటి కొనండి. వేగం కోసం అని కాదు, వైర్లు లేకుండా తేలిగ్గా కూర్చుంటుంది, పాత హార్డ్ డిస్క్ కూడా దాని చోట అలాగే ఉండొచ్చు. 7000 అని రాసినవి జెన్ 4 డ్రైవ్‌లు. మీ స్లాట్ జెన్ 3 అయితే అవి కూడా 3500 దగ్గరే ఆగిపోతాయి, డబ్బు దండగ.

ఎమ్.2 స్లాట్ లేకపోతే బాధపడకండి. 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ కొని హార్డ్ డిస్క్ తీసిన చోట పెట్టండి. పైన చెప్పిన లెక్క గుర్తుందిగా, బూట్ విషయంలో మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు. పదేళ్లు దాటిన మెషిన్లకైతే నేను కళ్లు మూసుకుని ఇదే చెబుతాను, వాటిలో చాలా బయోస్‌లకి ఎన్‌వీఎమ్‌ఈ నుంచి బూట్ అవ్వడం రాదు.

డీవీడీ డ్రైవ్ తీసి ఆ చోట క్యాడీలో (డిస్క్ పట్టే చిన్న ఫ్రేమ్‌లో) ఎస్ఎస్‌డీ పెట్టడం ఇంకో పద్ధతి. అలా పెట్టాల్సి వస్తే ఎస్ఎస్‌డీని అసలు డిస్క్ చోట పెట్టి, పాత హార్డ్ డిస్క్‌ని క్యాడీలోకి పంపండి. ఒకాయన ఎస్ఎస్‌డీ వేయించినా తేడా ఏమీ లేదని ల్యాప్‌టాప్ తెచ్చారు. తెరిచి చూస్తే ఎస్ఎస్‌డీ క్యాడీలో డీ డ్రైవ్‌గా ఖాళీగా ఉంది, విండోస్ ఇంకా పాత హార్డ్ డిస్క్ మీదే నడుస్తోంది. పాపం, ఆయన మూడు నెలలు అలాగే వాడారు. ఎస్ఎస్‌డీ మెషిన్ లోపల ఉంటే చాలదు, విండోస్ దాని మీద ఉండాలి.

సైజు 500 జీబీ తీసుకోండి. 256 జీబీ కొన్నవాళ్లలో చాలామంది ఏడాదిలోపే చోటు చాలడం లేదంటారు, పైగా నిండిపోయిన ఎస్ఎస్‌డీ రాసే వేగం పడిపోతుంది. చిప్ రకాల్లో టీఎల్‌సీ (ఒక్కో గడిలో మూడు బిట్లు) దొరికితే క్యూఎల్‌సీ (నాలుగు బిట్లు) కంటే అదే మేలు. వారంటీ ఐదేళ్లున్నది చూడండి. పేరు ఎప్పుడూ వినని కంపెనీ, నమ్మలేనంత పెద్ద సైజు, నమ్మలేనంత తక్కువ ధర, ఈ మూడూ కలిసి కనబడితే దాని జోలికి వెళ్లకండి. అలాంటి వాటిలో సైజు అబద్ధం చెప్పేవి ఉన్నాయి, కొంత నిండాక మీ ఫైళ్ల మీదే మళ్లీ రాసేస్తాయి.

కాపీనా, కొత్తగానా అంటే, మీకు నా సలహా కొత్తగానే. ఆరేళ్ల విండోస్‌లో ఎప్పుడో తీసేసిన ప్రింటర్ డ్రైవర్ల దగ్గర్నుంచి ఒకసారి వాడి మరిచిపోయిన ప్రోగ్రామ్‌ల అప్‌డేటర్ల దాకా అన్నీ పేరుకుని ఉంటాయి. క్లోన్ చేస్తే ఆ చెత్తంతా కొత్త ఇంట్లోకి వస్తుంది. లైసెన్స్ గురించి టెన్షన్ వద్దు, విండోస్ 10, 11 డిజిటల్ లైసెన్స్ ప్రధానంగా మదర్‌బోర్డ్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి డ్రైవ్ మారినా అదే యాక్టివేట్ అవుతుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, కాబట్టి ప్రాసెసర్ ఇంటెల్ 8వ తరం లేదా ఆ పైది అయి, టీపీఎమ్ 2.0 (భద్రతా చిప్) ఉంటే ఎలాగూ వేస్తున్నారు కదా, నేరుగా 11 వేసుకోండి.

మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోలేని సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే మాత్రం క్లోన్ చేయండి. డ్రైవ్ కంపెనీలు ఇచ్చే టూల్ గానీ క్లోన్‌జిల్లా గానీ సరిపోతుంది. మొదలుపెట్టే ముందు సోర్స్ ఏది, టార్గెట్ ఏది అని పేరూ సైజూ రెండూ చదివి, ఇంకోసారి చదవండి. తారుమారైతే ఖాళీ డ్రైవ్ వచ్చి మీ ఆరేళ్ల డేటా మీద పడుతుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోండి. చాలా ల్యాప్‌టాప్‌లలో మనకి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. రికవరీ కీ కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేశాకే కవర్ విప్పండి.

బిగించడం కష్టం కాదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ తీసి, కింది కవర్ విప్పాక మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. మిగతావి ముట్టుకునే ముందు ల్యాప్‌టాప్ లోహపు ఫ్రేమ్‌ని ఒకసారి తాకితే ఒంట్లో స్టాటిక్ పోతుంది. ఎమ్.2 డ్రైవ్‌ని కాస్త ఏటవాలుగా, సుమారు 30 డిగ్రీల్లో పట్టుకుని స్లాట్‌లోకి తొయ్యండి. బంగారు రంగు పళ్లు దాదాపు కనబడకుండా లోపలికి వెళ్లాలి. వదిలితే అవతలి కొస స్ప్రింగ్ లాగా పైకి లేచి నిలబడుతుంది, చూసి భయపడకండి, అలాగే ఉంటుంది. దాన్ని వేలితో కిందికి నొక్కి స్క్రూ బిగించండి. ఆ స్క్రూ చాలా చిన్నది, ఖాళీ స్లాట్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో చాలాసార్లు అసలు ఉండనే ఉండదు. కవర్ విప్పి చూసి, లేకపోతే డ్రైవ్‌తో పాటే ఆ స్క్రూ కూడా తెప్పించుకోండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత హార్డ్ డిస్క్ కేబుల్ తీసేసి ఉంచండి. ఇది చిన్న సలహాలా కనబడుతుంది గానీ చాలా ముఖ్యం. రెండు డిస్కులూ తగిలించి ఉంటే విండోస్‌ని ఎస్ఎస్‌డీ మీద వేసినా బూట్ ఫైళ్లు మాత్రం పాత డిస్క్‌లో ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌లోకే వెళ్లిపోవచ్చు. అప్పటికి అంతా బాగానే నడుస్తుంది. ఆర్నెల్ల తర్వాత పాత డిస్క్ తీస్తారు, లేదా అదే చచ్చిపోతుంది, ఆ రోజు కొత్త ఎస్ఎస్‌డీ నుంచి కూడా ఏమీ బూట్ కాదు. కారణం ఏమిటో ఎవరికీ అంతుబట్టదు. ఇక క్లోన్ చేసినప్పుడైతే, మొదటిసారి రెండూ తగిలించి ఆన్ చేస్తే ఏ డిస్క్ నుంచి బూట్ అయ్యామో కూడా తెలియదు. ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంచి రెండుసార్లు రీస్టార్ట్ చేసి చూశాక పాతదాన్ని తగిలించండి.

ఇన్‌స్టాల్ స్క్రీన్‌లో కొత్త డ్రైవ్ అసలు కనబడకపోతే డ్రైవ్ పాడైందని తిప్పి పంపేయకండి. ఇంటెల్ మెషిన్లలో బయోస్‌లో స్టోరేజ్ మోడ్ రెయిడ్ అని ఉంటే ఇన్‌స్టాలర్‌కి ఆ డ్రైవర్ విడిగా ఇవ్వాల్సి వస్తుంది. కొత్తగా వేసుకునేటప్పుడైతే బయోస్‌లో ఏహెచ్‌సీఐకి మార్చడం తేలిక. క్లోన్ చేసిన విండోస్‌కి మాత్రం ఆ మోడ్ ఉన్నపాటున మార్చకండి, నీలం స్క్రీన్ వస్తుంది.

అంతా అయ్యాక బూట్ టైమ్ కొలిచేటప్పుడు ఒక విషయం గుర్తుపెట్టుకోండి. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనేది ఉంది. షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు, కెర్నల్ భాగాన్ని డిస్క్ మీద దాచుకుని మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ కింద అప్ టైమ్ చూడండి, మీరు రోజూ ఆపుతున్నా పదిహేను రోజులు అని చూపించవచ్చు. రీస్టార్ట్ మాత్రం నిజంగా మొదటి నుంచి మొదలవుతుంది. కాబట్టి పోల్చేటప్పుడు ముందూ తర్వాతా రెండుసార్లూ రీస్టార్ట్ టైమే తీసుకోండి. హార్డ్ డిస్క్ ఉన్నప్పుడు ఫాస్ట్ స్టార్టప్ బాగా ఉపయోగపడేది. ఎస్ఎస్‌డీ మీద దాని లాభం కొద్ది సెకన్లే, నేనైతే ఆపేస్తాను. పక్కన లినక్స్ కూడా ఉంటే తప్పకుండా ఆపాలి.

డిస్క్ వేగం పెరిగింది కదా అని స్టార్టప్ ప్రోగ్రామ్‌లని వదిలేయకండి. చాట్ యాప్‌లు, గేమ్ లాంచర్లు, అప్‌డేటర్లు రోజూ వాడనివి డిసేబుల్ చేయండి. యాంటీవైరస్ ఒక్కటే ఉంచండి. రెండుంటే మూలిగే నక్క మీద తాటిపండే. మీకు 8 జీబీ ర్యామ్ ఉంది కాబట్టి ప్రస్తుతానికి ఫర్వాలేదు. 4 జీబీ వాళ్లకైతే ఎస్ఎస్‌డీతో పాటు ర్యామ్ కూడా పెంచమంటాను, లేకపోతే బూట్ త్వరగా అయినా నాలుగు ట్యాబ్‌లు తెరవగానే ఎక్కడి గొంగళి అక్కడే.

ఎస్ఎస్‌డీ అరిగిపోతుందని పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే చోటు) ఆపమని, బ్రౌజర్ క్యాష్‌ని హార్డ్ డిస్క్‌కి మార్చమని చెప్పే చిట్కాలు మీకు కనబడతాయి. అవసరం లేదు. 500 జీబీ టీఎల్‌సీ డ్రైవ్‌కి సాధారణంగా 300 టీబీ దాకా రాయొచ్చని కంపెనీలు హామీ ఇస్తాయి. రోజుకి 20 జీబీ రాసినా ఏడాదికి 7 టీబీ చిల్లర, ఆ పరిమితి చేరడానికి నలభై ఏళ్లు పడుతుంది. డీఫ్రాగ్ (చెదిరిన ఫైళ్లని వరుసలో పెట్టడం) కూడా మీరు చేయక్కర్లేదు. విండోస్ దాన్ని ఎస్ఎస్‌డీగా గుర్తించి అప్పుడప్పుడూ ట్రిమ్ (తీసేసిన ఫైళ్ల చోటు ఖాళీ అని చెప్పే కమాండ్) పంపుతుంది. మీరు చేయాల్సిందల్లా పదిహేను శాతం చోటు ఖాళీగా ఉంచడమే.

పాత హార్డ్ డిస్క్‌ని కనీసం ఒక నెల ఫార్మాట్ చేయకండి. ఏదో ఒక ఫైల్ మరిచిపోయామని మూడో వారంలో గుర్తొస్తుంది. ఆ తర్వాత, స్మార్ట్ వివరాలు శుభ్రంగా ఉంటే, ఒక యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో (డిస్క్ పట్టే బయటి పెట్టెలో) వేసి వారానికోసారి బ్యాకప్ తీసుకోవడానికి వాడండి. హార్డ్ డిస్క్ పోయే ముందు తరచుగా నెమ్మదిస్తుంది, చప్పుడు చేస్తుంది. ఎస్ఎస్‌డీ చాలాసార్లు అలాంటి సూచనేమీ ఇవ్వకుండానే ఒక ఉదయం కనబడకుండా పోతుంది. ఆ ఉదయానికి మీ ఫొటోలు రెండో చోట కూడా ఉండాలి.

సర్వీస్ మాన్యువల్ దొరకకపోతే కింది కవర్ విప్పి స్లాట్ దగ్గర ఫొటో తీసి పెట్టండి. స్లాట్‌లో గాటు ఏ వైపు ఉందో, పక్కన బోర్డు మీద ఏం రాసి ఉందో కనబడేలా తీస్తే అది ఏ రకం స్లాటో గుర్తుపట్టడానికి సాయం చేస్తాను.